సూర్యకాంతమ్మ కంటి తూకం

పెద జాలరిపేటలో సూర్యకాంతమ్మకు అబద్ధం చెప్పి తప్పించుకున్నవాళ్ళు లేరు. నిజం చెప్పి తప్పించుకున్నవాళ్ళూ తక్కువే. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరగానే వేలం పాటలో చేపలు కొని, గంప నెత్తికెత్తుకుని, కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధుల్లో అమ్ముకొచ్చేది. కుప్ప అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే పాటలో నోరు విప్పేది కాదు. పైన మెరిసే చేపలు పరిచి కింద మెత్తబడ్డవి సర్దడం సొంత పెదనాన్నయినా చేస్తాడని ఆమె నమ్మకం. ఐసు అమ్మేవాడు ఊక ఎక్కువ కలిపాడనేది. బస్సు కండక్టరు తన గంప మీదే కన్నేశాడనేది. భర్త ఎల్లారావు వేట నుంచి వస్తే ముందు అతని ముఖం కాదు, వల చూసేది.

“ఇంతేనేటి పడ్డాది? పక్క పడవోలకి తట్టలకి తట్టలు దిగుతన్నాయి మరి!”

“సముద్రాన్నడుగు,” అని ఎల్లారావు బీడీ వెలిగించుకునేవాడు.

ఈ అనుమానం కొంత పుట్టుకతో వచ్చిందే. మిగతాది ఆమె తోడబుట్టిన అప్ప గంగాలమ్మకు కళ్ళు పోయాక వచ్చింది.

గంగాలమ్మ ఈమెకన్నా చాలా పెద్దది. అదే పేటలో, నాలుగిళ్ళ అవతల కాపురం. నలభై దాటాక ఆమెకు ఒక వింత ఇబ్బంది మొదలైంది. నడుస్తూ నడుస్తూ మనుషుల్ని గుద్దుకునేది. గుద్దుకుని, “కళ్ళు కనపడవేటి, పక్కనుంచి వచ్చి తోసేత్తన్నావు?” అని వాళ్ళనే తిట్టేది. ఎదురుగా పెడితే సూది బెజ్జం కనిపించేది. కాలి పక్కన బిందె ఉంటే తన్నుకుని పడేది. అందువల్ల ఇది కంటి జబ్బని ఎవరికీ తోచలేదు. సూదిలో దారం ఎక్కించే మనిషికి కళ్ళు లేవని ఎలా అనుకుంటారు?

పక్కింట్లోనే ఆమె ఆడబిడ్డ కాసులమ్మ ఉండేది. మొగుడు పోయి, పిల్లలు లేక, అన్నగారి పంచన బతుకుతున్న మనిషి. రెండిళ్ళకూ వాకిలి ఒకటే. రోజుకు పదిసార్లు ఇటూ అటూ తిరిగేది.

“దొంగలాగ వచ్చి పక్కన నిలబడతంది. అడుగు సప్పుడైనా ఉండదు. ఉన్నట్టుండి పక్కన మనిషి! నా గుండె జారిపోతంది సూర్యకాంతం,” అని గంగాలమ్మ చెల్లెలికి చెప్పుకునేది.

“నాను ఎదురుగానే వచ్చినాను వదినా. పిలిస్తే పలకనేదు నువ్వు,” అనేది కాసులమ్మ.

ఎవరూ వినలేదు. చూపు అలా అలా దగ్గరికి మూసుకుపోయి, చివరికి కిటికీ వెలుగు తప్ప గంగాలమ్మకు ఏమీ తెలియకుండా పోయింది. ఆనందపురం వైపు నుంచి ఒక భూతవైద్యుడిని పిలిపించారు. ఆయన నిమ్మకాయలు కోసి, వేప మండ విదిలించి, ఇది చిల్లంగి అనే చేతబడి అన్నాడు. ఇంటికి ఆనుకుని ఉన్న ఆడమనిషి పెట్టిందన్నాడు. పేరు మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పింది సూర్యకాంతమ్మ.

ఆ తర్వాత కాసులమ్మ చేతి మంచినీళ్ళు ఎవరూ తాగలేదు. ఆమె ఎదురొస్తే పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. సొంత అన్న కూడా మాట్లాడటం మానేశాక ఆమె మూట కట్టుకుని గోపాలపట్నం వెళ్ళిపోయింది. అక్కడ సంతలో ఎండుచేపలు అమ్ముకుంటోందని తెలిసింది. చిల్లంగి పెట్టిన మనిషి వెళ్ళిపోయినా గంగాలమ్మకు చూపు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదని సూర్యకాంతమ్మకు అనుమానం రావలసింది. ఎందుకో ఆ ఒక్కచోట రాలేదు.

డెబ్భై ఆరులో బడి ఆవరణలో కళ్ళ శిబిరం పెట్టారు. అవి ఎమర్జెన్సీ రోజులు. సర్కారు మనుషులు పేటలోకి వచ్చి ఏదైనా ఉచితం అంటే చాలు, జనం తలుపులు వేసుకునేవారు. కళ్ళు చూస్తామని పిలిచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి పంపిస్తారని చెప్పుకున్నారు. సూర్యకాంతమ్మ ఆ మాట అందరికన్నా ముందు నమ్మింది. కానీ దగ్గరివి అలుక్కుపోతున్నాయి. చేప మొప్పల్లో ఎరుపు తెలియడం లేదు. కళ్ళద్దాలు కావాలి. అందుకని ఎల్లారావును వెంటబెట్టుకుని వెళ్ళింది.

“గుమ్మం ఒగ్గకు. నాను అరిత్తే లోపలికొచ్చీ,” అని చెప్పి మరీ లోపలికి అడుగు పెట్టింది.

అక్కడ డాక్టరు శ్రీరామ్మూర్తి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పక్కన నర్సు నాగమణి. ఆమెది కంచరపాలెమే, సూర్యకాంతమ్మ దగ్గర వారంవారం చేపలు కొనే మనిషి. తెలిసిన ముఖం కనపడగానే సూర్యకాంతమ్మకు ధైర్యం రాలేదు, ఇంకా అనుమానం వచ్చింది. తనను ఇక్కడికి రప్పించింది ఈమేనేమో అనుకుంది.

అద్దాలకు కొలత తీశాక డాక్టరు ఆమెను బల్ల మీద పడుకోమన్నాడు. కళ్ళలో మందు చుక్కలు వేశాడు. కళ్ళు మొద్దుబారాయి. ఒక చిన్న ఇనప సామాను తీశాడు. దానికి పైన చిన్న కొలతబద్ద, దాని మీద ముల్లు.

“ఏటిది?”

“కంటిలో ఒత్తిడి చూసే తూకం అనుకో. నొప్పి ఉండదు. పైకి చూడు.”

తూకం అనగానే సూర్యకాంతమ్మ లేచి కూర్చుంది.

“నీ తూకం సరైందేనా ముందు?”

నాగమణి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు నవ్వలేదు. పెట్టెలోంచి చిన్న ఇనప దిమ్మ తీసి, ఆ సామాను దాని మీద నిలబెట్టి చూపించాడు. ముల్లు సున్నా దగ్గర ఆగింది. అప్పుడు ఆమె పడుకుంది. రెండు కళ్ళ మీదా పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

“ఒత్తిడి ఎక్కువగా ఉందమ్మా.”

“ఎంత దాకా ఎల్లింది ముల్లు?”

“ముల్లు తక్కువే కదిలింది. తక్కువ కదిలితే ఒత్తిడి ఎక్కువన్నమాట.”

సూర్యకాంతమ్మ గుమ్మం వైపు చూసి ఎల్లారావును కేకేసింది. “ఇన్నావా? ముల్లు తక్కువ సూపిత్తే ఎక్కువంట! ఇలాటి తూకం నాను ఎక్కడా సూడ్నేదు.”

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. “నువ్వు చేప మంచిదో కాదో వేలితో నొక్కి చూస్తావు కదా. గట్టిగా ఉంటే వేలు దిగదు. ఇదీ అంతే. కన్ను లోపల గట్టిగా ఉంటే ఈ పుల్ల తక్కువ దిగుతుంది.”

ఆ మాట ఆమెకు అర్థమైంది. అర్థమవడమే ఆమెకు నచ్చలేదు. డాక్టరు కంటి వెనక నరం చూశాడు. నరం బాగానే ఉందన్నాడు. ఇప్పుడు జబ్బు లేదు, మందు కూడా అక్కర్లేదు. కానీ ఒత్తిడి ఉన్నవాళ్ళలో కొందరికి తర్వాత నరం దెబ్బతింటుంది, కొందరికి తినదు. ఎవరికి తింటుందో ముందే చెప్పలేం. అందుకని ఆరేడు నెలలకోసారి ఆసుపత్రికి వచ్చి చూపించుకోవాలి. నొప్పి ఉండదు, మంట ఉండదు, కనిపెట్టకపోతే మనిషికి తెలియకుండానే చూపు పోతుంది.

“దీన్ని నీటికాసులు అంటారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా చూపు పోయిందా?”

సూర్యకాంతమ్మ డాక్టరు చెయ్యి పక్కకు నెట్టింది. “ఏటన్నావు? కాసులా? ఆ పేరు నీకెవళు సెప్పినారు?”

“ఎవరు చెప్పడమేమిటి? జబ్బు పేరు అది.”

“మా ఇంట్లో ఎవులికీ ఏటీ నేదు,” అని లేచి, చెంగు దులుపుకుని బయటికి వచ్చేసింది.

దారి పొడుగునా ఆమెకు అదే ఆలోచన. తన కంట్లో ఏదో ఉందంటాడు, దాని పేరు కాసులంటాడు. గోపాలపట్నంలో కూర్చుని కూడా కాసులమ్మ తన కళ్ళ మీద పడిందన్నమాట. లేదా ఈ డాక్టరు ఆమెకు తెలిసినవాడు. రెండిట్లో ఏది నిజమో తేలేదాకా అప్ప సంగతి అతని దగ్గర ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆసుపత్రికి వెళ్ళకూడదనే అనుకుంది. కానీ నాగమణి చేపలు కొనడానికి వచ్చినప్పుడల్లా అడిగేది. “వెళ్ళావా సూర్యకాంతమ్మా? డాక్టరుగారు నీ గురించి అడిగారు.”

“నా గురించి ఆయనకెందుకు? డబ్బులు తీసుకోడు, మందు రాయడు, రోగం నేదంతాడు. మరి రమ్మంతాడేటి?”

“రోగం రాకముందే పట్టుకోవాలని.”

“రాని రోగాన్ని ఎలాగ పడతావు?”

ఈ గుట్టేమిటో తేల్చుకోవాలనే ఆమె వెళ్ళింది. ఒకసారి కాదు, పిలిచినప్పుడల్లా. డాక్టరు ఎక్కడో ఒకచోట మాట తడబడకపోతాడా అని కాచుకుని ఉండేది. ఒకసారి ఎల్లారావును కూడా బల్ల ఎక్కించింది. అతని కళ్ళు మామూలుగా ఉన్నాయన్నారు. “ఆయనకి నేకుండా నాకే ఎందుకుంది?” అని గొడవ పెట్టుకుంది. ఇంకోసారి చెప్పాపెట్టకుండా వన్ టౌన్‌లో మరో కంటి డాక్టరు దగ్గరికి పోయింది. ఆయనా ఒత్తిడి ఎక్కువే అన్నాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి ఉంటారని ఇంటికొచ్చి చెప్పింది.

ఆసుపత్రిలో ఆమెకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది నల్లగుడ్డ. గోడకు పెద్ద నల్లగుడ్డ కట్టి, మధ్యలో ఒక తెల్ల చుక్క పెట్టి, దాని ముందు కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ చుక్కనే చూస్తూ ఉండాలి. డాక్టరు నల్ల పుల్ల చివర తెల్ల పూస పెట్టి గుడ్డ మీద నెమ్మదిగా తిప్పుతాడు. పూస మాయమైతే చెప్పాలి. ఒకచోట మాయమయ్యేది. అది అందరికీ ఉండేదే, నరం కంటిలోకి వచ్చే చోటు అనేవాడు. తక్కినదంతా శుభ్రంగా ఉందని పంపేసేవాడు. అలా మూడు నాలుగేళ్ళు గడిచాయి. ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ పనులకని ఎక్కడెక్కడి జనమో దిగుతున్నారు, చేపలకు గిరాకీ పెరిగింది. ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ బేరం పోతోందని సణిగినా పోవడం మాత్రం మానలేదు.

ఎనభైలో ఒక రోజు పూస రెండోచోట మాయమైంది. ఎడమ కంటికి, ముక్కు వైపు, కాస్త పైన.

డాక్టరు మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే పోయింది.

“పూస దాచేత్తన్నావు నువ్వు,” అంది సూర్యకాంతమ్మ.

“దాచలేదమ్మా.”

“వేళ్ళతో మూసేత్తన్నావు. నాను సూసినాను.”

“చూడలేదు. అదే కదా ఇబ్బంది,” అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆయన గొంతులో విసుగు లేదు. “ఇప్పుడే మొదలైంది. మంచి సమయంలో దొరికింది. ఇవాళ్టి నుంచి చుక్కల మందు వేసుకోవాలి. మానకూడదు.”

ఆమె మందు సీసా చెంగున కట్టుకుంది కానీ వేసుకోలేదు. అది మాయో మోసమో తానే చూడాలనుకుంది. గాలివానకు పడవలన్నీ ఒడ్డునే ఉన్న రోజు. పేటంతా ఇళ్ళలోనే ఉంది. నల్ల రగ్గు తీసి గోడకు మేకులు కొట్టింది. మధ్యలో చొక్కా గుండీ కుట్టింది. అగరొత్తి పుల్లకు మసి పూసి, చివర తన పూసలదండలోంచి తీసిన తెల్ల పూసను మైనంతో అంటించింది. ముందు ఎల్లారావును కూర్చోబెట్టింది.

“ఆ కన్ను ముయ్యి. గుండీనే సూడు. పూస పోతే సెప్పు.”

“పోనాది,” అన్నాడు ఎల్లారావు కాసేపటికి.

“ఎక్కడికి పోనాది? ఇదిగో, నా సేతిలోనే ఉంది!”

“నాకు కనపళ్ళేదు. ఆ... ఒచ్చినాది.”

తర్వాత పక్కింటామె కూర్చుంది, ఆమె కొడుకు కూర్చున్నాడు, పడవ నడిపే ముసలి తండేలు ఒకాయన కూర్చున్నాడు. అందరికీ పూస ఆ ఒక్కచోటే పోయింది, మళ్ళీ వచ్చింది. అందరూ కూడబలుక్కుని ఆడుతున్నారని ఆమె కాసేపు అనుమానించింది. చివరికి పుల్ల ఎల్లారావు చేతికిచ్చి తాను కూర్చుంది. అందరికీ పోయిన చోట పోయింది. తిరిగి వచ్చింది. ఎల్లారావు పూసను ముక్కు వైపుకి, పైకి జరిపాడు.

“పోనాది.”

“ఇక్కడెవులికీ పోనేదు కదే,” అన్నాడు ఎల్లారావు.

ఆమె చెయ్యి చాచి పుల్ల కొసను తానే పట్టుకుంది. పూస వేలికి తగులుతోంది. కళ్ళు గుండీ మీదే ఉన్నాయి. పూస లేదు.

గుమ్మం పక్కన గంగాలమ్మ కూర్చుని ఇంతసేపూ వింటోంది. “ఎక్కడ పోతంది?” అని అడిగింది.

“ముక్కు వైపు. పైన.”

“మద్దెలో బాగానే కనపడతందా?”

“బాగానే ఉంది అప్పా. పోయినట్టు కూడా నేదు. అక్కడ ఏటీ నేనట్టే ఉంది.”

గంగాలమ్మ గోడ పట్టుకుని దగ్గరికి జరిగింది. తర్వాత అంది: “నాకూ అలాగే మొదలైంది. మనిషి ముందర ఉంటే సగం మనిషే ఉండీది. సగం నేదని నాకు తెలిసీది కాదు. పక్కకి జరిగితే ఉన్నట్టుండి వచ్చినట్టుండీది.” చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది. “కాసులమ్మ ఎదురుగానే వచ్చినానన్నాది కదే.”

రగ్గు చుట్టూ మూగినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎల్లారావు పుల్లను గోడవారన పెట్టి బయటికి పోయాడు. ఆ మధ్యాహ్నం సూర్యకాంతమ్మ అన్నం ముట్టలేదు.

వాన తగ్గాక అప్ప చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. శ్రీరామ్మూర్తి గంగాలమ్మ కళ్ళలోకి చాలాసేపు చూశాడు. నరం పూర్తిగా పాలిపోయిందని, ఇక చేసేదేమీ లేదని మెల్లగా చెప్పాడు. అక్కాచెల్లెళ్ళలో, పిల్లల్లో ఇది రావడం ఎక్కువన్నాడు.

“మొదటిరోజే అడిగాను కదమ్మా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని.”

“నువ్వు కాసులు అన్నావు. నాకు బయవేసింది.” సూర్యకాంతమ్మ మొత్తం చెప్పింది. భూతవైద్యుడి మాట, తాను చెప్పిన పేరు, గోపాలపట్నం. చెప్పి, సూటిగా అడిగింది. “అయితే బాబూ, ఇది సేసినోలు ఎవుళూ నేరా?”

“ఎవరూ లేరు.”

“గట్టిగా సెప్తన్నావా?”

“గట్టిగానే చెబుతున్నాను.”

గంగాలమ్మ కుర్చీలో కూర్చునే ఏడ్చింది. కళ్ళు పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదని సూర్యకాంతమ్మ తర్వాత చెప్పేది.

మందు మొదలుపెట్టాక కొత్త బాధలు వచ్చాయి. చుక్కలు వేసుకోగానే నొసలు లాగేది, లోకం మసక వేసేది, సందె వేళ దారి సరిగా ఆనేది కాదు. వేసుకోనప్పుడు బాగా కనిపించి, వేసుకుంటే మసకైతే ఎవరికైనా అనుమానం రాదూ? రెండుసార్లు సీసా పారేసింది. రెండుసార్లూ గంగాలమ్మే పట్టుకుంది. కళ్ళు లేని ఆ మనిషి రోజూ గోడ పట్టుకుని చెల్లెలి ఇంటికి వచ్చి, “ఏసుకున్నావా? నాకు సీసా ఇయ్యి,” అని చేత్తో ఊపి చూసేది. కొన్నేళ్ళకు మరో రకం చుక్కలు వచ్చాయి. అవి వేసుకుంటే మసక లేదు. ఆ ఎడమ కంటి మచ్చ అక్కడే ఉంది, పెరగలేదు. సూర్యకాంతమ్మ పాటలో చేపలు కొంటూనే ఉంది, జనాన్ని అనుమానిస్తూనే ఉంది.

గోపాలపట్నం వెళ్ళడానికి మాత్రం ఆమెకు ధైర్యం వచ్చేసరికి చాలాకాలం పట్టింది. గంగాలమ్మే ఊరుకోలేదు. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. సంత వీధిలో గోనెపట్టా మీద ఎండు నెత్తళ్ళు పోసుకుని కాసులమ్మ కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. వీళ్ళను చూసి లేవలేదు.

“ఏటి కావాలి?” అంది, బేరగాళ్ళతో అన్నట్టే.

సూర్యకాంతమ్మ నిలబడే చెప్పింది. నల్లగుడ్డ సంగతి, పూస సంగతి, డాక్టరు మాట. కాసులమ్మ ఈగలు తోలుకుంటూ వింది.

“ఇప్పుడెందుకొచ్చినారు? మళ్ళీ ఎవులికైనా కళ్ళు పోనాయా, నా మీద పెట్టడానికి?”

“కాదు వదినా. తప్పు నాదని సెప్పడానికొచ్చినాను.”

“నీ అనుమానాలు నువ్వే ఉంచుకో. ఆ డాక్టరు సెప్పినాడు కాబట్టి నమ్మినావు. నాను సెప్పినప్పుడు నమ్మినావా?”

గంగాలమ్మ తడుముకుంటూ గోనెపట్టా పక్కన కూలబడింది. ఆడబిడ్డ మోకాలు చేతికి తగిలితే దాని మీదే చెయ్యి ఉంచేసింది. కాసులమ్మ ఆ చెయ్యి తీసెయ్యలేదు. కాసేపటికి వేరే మాట అడిగింది.

“గురువులుకి సూపించినారా?”

గురువులు గంగాలమ్మ కొడుకు. కాసులమ్మకు మేనల్లుడు, చిన్నప్పుడు ఆమె చేతుల్లో పెరిగినవాడు. ఇప్పుడు ముప్పై దాటి, హార్బరులో మరబోటు మీద వేటకు పోతున్నాడు. ఆసుపత్రి అంటేనే పడదు. తానెంత మొత్తుకున్నా రాలేదని సూర్యకాంతమ్మ చెప్పింది.

“అక్కాసెల్లెళ్ళలో, పిల్లల్లో వస్తాదని డాక్టరు సెప్పినాడంటున్నావు. వాడికి సూపించకుండా నా దగ్గరికొచ్చినారేటి?” అని కాసులమ్మ మొదటిసారి గొంతు పెంచింది.

మరుసటి వారం ఆమె హార్బరుకు వచ్చింది. పేటలోకి అడుగు పెట్టలేదు. తిన్నగా బోటు దగ్గరికి పోయి నిలబడింది. గురువులు వల మడతపెడుతూ చూసి, ముందు పోల్చుకోలేదు.

“మీ మేనత్తని రా. దిగు. ఆసుపత్రికెల్దాం.”

“నాకేటీ నేదత్తా. గద్దలాగ కనపడతంది.”

“మీ అమ్మకీ అలాగే కనపడీది. దిగు.”

తండ్రి మాట్లాడటం మానేస్తే ఊరొదిలి పోయిన మనిషి తన కోసం బస్సెక్కి వచ్చి నిలబడితే కాదనడానికి అతనికి నోరు రాలేదు. దిగాడు. సూర్యకాంతమ్మ కూడా వెంట వెళ్ళింది. కాసులమ్మ లోపలికి రాకుండా వరండాలోనే కూర్చుంది. శ్రీరామ్మూర్తి గురువులును బల్ల మీద పడుకోబెట్టి ఒత్తిడి చూశాడు. కుడి కంట్లో ఎక్కువ ఉంది. నరం శుభ్రంగా ఉంది. నల్లగుడ్డ మీద పూస అందరికీ పోయిన చోటే పోయింది, మరెక్కడా పోలేదు.

బయటికి రాగానే కాసులమ్మ గురువులునే అడిగింది, సూర్యకాంతమ్మ వైపు చూడకుండా. అతను ఉన్నదంతా చెప్పాడు. ఆమె విని, తలూపి, సంచి భుజాన వేసుకుని బస్సుల వైపు నడిచింది. సూర్యకాంతమ్మ పక్కనే నడిచింది. గోపాలపట్నం బస్సు వచ్చి ఆగింది. కాసులమ్మ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“వాణ్ణి మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?”

“దసరా ఎల్నాక.”

“నాకు కబురెట్టు,” అని లోపలికి ఎక్కింది.